ముడి పడని మూడు నెలలు

బీరమ్మ పేరు ఏ సర్కారు కాగితంలోనూ సరిగ్గా లేదు. జీతాల పట్టీలో "ఆయా" అని ఉండేది. హాజరు పుస్తకంలో వేలిముద్ర ఉండేది. తనిఖీ నివేదికల్లో ఆ పాటి కూడా లేదు. కానీ జహీరాబాదు స్టేషను అవతలి వాడలో, మా బాల్వాడిలో, పిల్లలను చూసుకున్నది ఆమె. నేను చూసుకున్నది రిజిస్టరు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఒప్పుకుంటుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా పేరు బాలమణి. 1960లో హైదరాబాదులో ఆరు నెలల శిక్షణ ముగించుకుని బాలసేవికగా ఇక్కడికి వచ్చాను. ఇరవై రెండేళ్ళు. చేతిలో సర్టిఫికెట్టు, ముక్కు మీద కోపం, నెత్తిన బోలెడంత పొగరు. శిక్షణలో మాకు నేర్పినదంతా రెండున్నర నుంచి ఐదేళ్ళ పిల్లల గురించే. అంతకన్నా చిన్నవాళ్ళను చేర్చుకోవద్దన్నారు. వాళ్ళు నేర్చుకునేది ఏమీ ఉండదట, తల్లి ఒడిలో ఉంటే చాలునట. ఆ తల్లి పొద్దున్నే లేచి చెరకు తోటకు పోతే ఒడి ఎక్కడుంటుందో వాళ్ళు చెప్పలేదు. అడగాలన్న బుద్ధి నాకూ పుట్టలేదు.

బీరమ్మ గొర్రెలు కాసే కురుమల ఇంటి మనిషి. అప్పటికే యాభై దాటింది. మొగుడు పోయాక మంద అన్న చేతికి పోయింది, ఆమె అన్న ఇంట్లో ఒక అర్రలో ఉండేది. చేతిలో ఎప్పుడూ కదురు ఉండేది. ఒడిలో గొర్రెబొచ్చు పెట్టుకుని పిల్లల మధ్య కూర్చుని వడుకుతూ ఉండేది. ఆ కదురు చూసి మొదటి రోజే నాకు చిర్రెత్తింది. సర్కారు పని వేళల్లో సొంత పని చేసుకుంటోందని పైకి రాద్దామనుకున్నాను కూడా.

వారం తిరగకుండానే ఇంకో సంగతి బయటపడింది. వెనక వసారాలో గొంగడి పరిచి ఐదుగురు పసివాళ్ళను దాచి పెట్టింది. ఒకడు పాకుతున్నాడు, ఒకతె కూర్చోబోయి ఒరిగిపోతోంది, ఇంకొకడు చెప్పు నాకుతున్నాడు. ఎవరికీ రెండేళ్ళు లేవు.

"వీళ్ళెవరు? వీళ్ళ పేర్లు రిజిస్టర్లో లేవు" అన్నాను.

"నీ రిజిష్టర్ల లేరు పంతులమ్మా. నా తాన ఉన్నరు."

వసారా గోడకు కొట్టిన చీలల నుంచి నల్ల ఉన్నితాళ్ళు ఐదు వేలాడుతున్నాయి. ఒక్కో తాడూ ఒక్కో పిల్లది. మందలో ఏ గొర్రె ఎన్నిసార్లు ఈనిందో కురుమల ఇళ్ళలో తాడుకు ముడులేసి గుర్తు పెట్టుకుంటారు. ఆ పద్ధతే ఆమె పిల్లలకు పెట్టింది. పిల్ల కొత్తగా ఒక పని తనంతట తాను చేస్తే ఒక ముడి. బోర్ల పడితే ఒకటి, గిన్నె కింద దాచిన వస్తువును వెతికి తీస్తే ఒకటి, తన చేతిలో ఉన్నది పక్క పిల్లకు ఇస్తే ఒకటి. అమాస వచ్చినప్పుడల్లా తాడులో ఒక తెల్ల ఉన్నిపోగు గుచ్చేది. రెండు తెల్లపోగుల మధ్య ఎన్ని ముడులుంటే ఆ నెలలో ఆ పిల్ల అన్ని నేర్చిందన్న మాట.

ఒక్కసారి చేస్తే ముడి వేసేది కాదు. మూడు రోజులు చూసేది. మూడు రోజులూ చేస్తేనే వేసేది.

నేను నవ్వాను. మర్యాదగా కూడా నవ్వలేదు. "సరే, ఆఫీసరు వచ్చిన రోజు మాత్రం వీళ్ళు కనబడొద్దు" అని లోపలికి పోయాను.

ఆ ఐదుగురిలో ఒకడు శరణప్ప. వాడి తల్లి నారమ్మ చిరాగ్‌పల్లి దారిలో ఒక పటేలు చెరకు తోటలో కూలికి పోయేది. పుష్యంలో చెరకు కొట్టుడు మొదలై గానుగ తిరిగినన్నాళ్ళూ ఆమెకు పొద్దు ఉండదు, మాపు ఉండదు. చీకటి విడవకముందే పిల్లవాణ్ణి ఎత్తుకుని తోటకు పోయేది. బాల్వాడి పదింటికి తెరిచేవాళ్ళం కాబట్టి పదింటికి పరుగున వచ్చి వాణ్ణి బీరమ్మకిచ్చి పోయేది. ఒంటిగంటకు మేము తాళం వేసేవాళ్ళం కాబట్టి ఒంటిగంటకు మళ్ళీ పరుగున వచ్చి ఎత్తుకుపోయేది. పది నుంచి ఒకటి దాకా అన్నది మాకు పైనుంచి వచ్చిన వేళ. నా వరకు అది చాలా సుఖమైన వేళ.

మాఘమాసంలో ఒకరోజు బీరమ్మ శరణప్ప తాడు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"జర చూడు. సంక్రాంతి ముందటి దాంక నెలకు మూడు ముడులు, నాలుగు ముడులు పడ్డయి. నడుద్దమని గోడ వట్టుకున్నోడు మల్ల పట్టుకుంటలేడు. 'అత్త' అన్నోడు నోరు తెరుస్తలేడు. ఏదో అయితున్నది వీనికి."

"పళ్ళు వస్తున్నాయేమోలే" అన్నాను. తల కూడా ఎత్తలేదు. పాలపొడి లెక్క రాసుకుంటున్నాను.

ఫాల్గుణంలో తనిఖీ అధికారి జగన్‌మోహన్ గారు జీపులో దిగారు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, చంకలో ఒక అట్టపెట్టె. అందులో పిల్లల తెలివిని కొలిచే బొమ్మల అట్టలున్నాయి. ఎక్కడో దూరదేశంలో అచ్చువేసినవి. ఓడ, గొడుగు, టెలిఫోను, మంచు బూట్లు, ఆపిలు పండు, గొర్రె. బొమ్మ చూపించి ఇదేమిటని అడగాలి, పేరు చెబితే ఒక మార్కు. జహీరాబాదు పిల్లవాడు ఓడ ఎక్కడ చూస్తాడు? స్టేషనులో రైలు చూస్తాడు. రైలు బొమ్మ అందులో లేదు.

ముందు గదిలో పిల్లల పరీక్ష అయిపోయాక ఆయన వసారాలోకి నడిచాడు. నేను రిజిస్టరు మూసి వెనకే పరుగెత్తాను. కానీ వయసు సంగతి ఆయన అడగలేదు. గొంగడి మీద పడుకున్న శరణప్ప ముందు కూర్చుని చప్పట్లు కొట్టాడు. వాడు కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూశాడు. ఆయన ఓడ చూపించాడు. గొడుగు చూపించాడు. గడ్డం పట్టుకుని ఊపాడు. వాడి నోటి నుంచి చొంగ కారింది తప్ప ఏమీ రాలేదు. అంతా కలిపి రెండు నిమిషాలు.

"మందబుద్ధి. ఇలాంటి వాళ్ళకు పాలపొడి ఇవ్వడం దండగ. పేరు తీసేయండి" అన్నాడు.

నేను రాశాను. ఎవరో రాశారని చెప్పుకుంటే బాగుండేది. నా చేత్తోనే, శిక్షణలో మెచ్చుకున్న నా గుండ్రటి అక్షరాలతోనే, "శరణప్ప, మందబుద్ధి, తొలగించవలెను" అని రాశాను. అసలు వాడి పేరు రిజిస్టర్లో లేదు. తొలగించడం కోసమే మొదటిసారి ఎక్కించి, గీత కొట్టాను.

జీపు పోయాక బీరమ్మ అడిగింది. "వీని గురించి ఏం రాసినవు?"

చదివి వినిపించాను. ఆమె కదురు కింద పెట్టింది. ఆమె చేయి ఖాళీగా ఉండడం అదే మొదటిసారి చూడటం.

"రొండు నిమిషాలు చూసిండు. నేను పద్దెనిమిది నెలలు చూసిన. నా మాట అడగకపాయె. ఆయనంటే పరాయోడు. నువ్వు రోజూ చూస్తవు గద, నీకేమైంది? చెయ్యి ఎట్లొచ్చింది నీకు?"

నేను నియమాలేవో చెప్పబోయాను.

"ఇటు రా" అని నా రెక్క పట్టి లాక్కుపోయింది. శరణప్ప రెప్ప వేలితో పైకెత్తింది. "కంటిపాపను చూడు. ఆవగింజంత లేదు. గిట్లున్న కండ్లు నేను ఇంతకుముందు ఒక్కపారి చూసిన. నా కొడుకువి. కలుపు కాలంల నేనే పెట్టిన. ఏడ్వొద్దని నల్లమందు పెట్టి పండవెట్టిన. మల్ల లేవలే."

ఆ మాట చెబుతూ ఆమె వాడి రెప్ప మెల్లగా దించింది. కూలికి పోయే తల్లులు బిడ్డకు నల్లమందు పెట్టడం ఈ చుట్టుపక్కల ఉన్నదేనని నాకూ తెలుసు. అది వేరే వాళ్ళ సంగతి అనుకున్నాను. నా వసారాలో, నా ముందే పడుకుని ఉందని అనుకోలేదు.

ఒంటిగంటకు నారమ్మ రాగానే బీరమ్మ నిలదీసింది. నారమ్మ మొదట ఏమీ పెట్టలేదని బసవన్న మీద ఒట్టేసింది. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత లేచి నిలబడి ఆమే మమ్మల్ని నిలదీసింది.

"అవును, పెడుతున్న! పొద్దుగాల ఇంత, ఒంటిగంటకు ఇంత. ఏం జేయమంటరు? గానుగ కాడ పోరడు ఏడిస్తే రేపటి సంది రావద్దంటడు పటేలు. పాకి పోయి బెల్లం పెనంల పడితే ఎవరు దిక్కు? మొన్న మొన్ననే నడ్వ నేర్చిండు, అందుకే భయమైంది. నడ్వకపోతే ఎందుకు పెడుదు?" నా వైపు తిరిగింది. "నీ బడి పదింటికి తెరుస్తవు. అప్పటికి నేను నాలుగు గంటల పని చేసి ఉంట. ఒంటిగంటకు తాళమేస్తవు. అప్పటి నుంచి పొద్దు గూకెదాంక వాణ్ణి యాడ పెట్టాలె? నీ నెత్తి మీద పెట్టుకుంటవా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వాడు నడక నేర్చాడు కాబట్టే వాణ్ణి నిద్రపుచ్చారు. నేర్చుకున్నందుకు వాడికి దక్కింది అది. దానికి నేను పెట్టిన పేరు మందబుద్ధి. నారమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. పటేలు మీద వచ్చింది, జీపులో పోయినాయన మీద వచ్చింది, వాళ్ళిద్దరినీ దాటి నా చేతిలో ఉన్న తాళంచెవి మీద వచ్చింది.

మర్నాటి నుంచి బాల్వాడి చీకటి విడిచేసరికి తెరిచాను, పొద్దు గూకాక మూశాను. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. రిజిస్టర్లో గీత కొట్టిన చోటనే పక్కన శరణప్ప పేరు మళ్ళీ రాశాను.

నల్లమందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని బీరమ్మకు తెలుసు. దవాఖానలో కాంపౌండరు కూడా అదే మాట అన్నాడు. పెట్టేదాన్ని సగం చేసింది, సగంలో సగం చేసింది. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వాడు కాళ్ళు ముడుచుకుని ఏడ్చిన ఏడుపు వాడంతా విన్నది. వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా చెమట. బీరమ్మ వాణ్ణి గొంగడిలో చుట్టి భుజాన వేసుకుని వసారాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. "ఏడ్వు కొడుకా, ఏడ్వు. ఏడ్చెటోడు బతుకుతడు" అనేది. నారమ్మ పనిలో నుంచి రెండుసార్లు పారిపోయి వచ్చింది. రెండుసార్లూ మందు పెడదామనే వచ్చింది. రెండుసార్లూ బీరమ్మ తిట్టి పంపింది, ఆమె పోయాక తనూ ఏడ్చింది.

పన్నెండో రోజు పొద్దున శరణప్ప గొంగడి మీద లేచి కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నిఉండ ఉంది. కొయ్య గిన్నె తీసి దాని మీద బోర్లించాడు. గిన్నె ఎత్తి చూశాడు. ఉండ అక్కడే ఉంది. బీరమ్మ ముఖంలోకి చూసి కిలకిల నవ్వాడు.

నాకు కన్నీళ్ళు ఆగలేదు. "ముడి వెయ్యి బీరమ్మా, వెయ్యి!" అన్నాను.

"ఆగు. ఒక్కపారి చేస్తే చేసినట్టు గాదు. రేపు చూద్దాం."

రేపు చేశాడు. ఎల్లుండి కూడా చేశాడు. మూడో రోజు సాయంత్రం ఆమె తాడు దించి ముడి వేసింది. నా కళ్ళతో చూశాను, మూడు తెల్లపోగుల తర్వాత మొదటి ముడి అది. ఆ రోజు నుంచి నేను బీరమ్మ పక్కన కూర్చుని పిల్లలను చూడటం నేర్చుకున్నాను. హైదరాబాదులో ఆరు నెలలు వృథా పోయాయని అప్పుడు తెలిసింది. పిల్లకు ఏమి రాదో వెతకడం మాకు నేర్పారు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏమి మారిందో చూడటం బీరమ్మ నేర్పింది.

నారమ్మ మిగతా తల్లులకు చెప్పింది. ఆషాఢం వచ్చేసరికి వసారాలో పద్నాలుగు తాళ్ళు వేలాడాయి.

ఆ ఆషాఢంలోనే జగన్‌మోహన్ గారి జీపు మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం మూడైంది. మూడింటికి బాల్వాడి తెరిచి ఉండడం చూసి ఆయన ముఖం చిట్లించాడు. రిజిస్టరు తెరిచి, కొట్టేసిన పేరు పక్కన మళ్ళీ రాసిన పేరు చూసి ఇంకా చిట్లించాడు.

"తీసేయమన్న పిల్లవాడు మళ్ళీ ఎలా వచ్చాడు?"

"వాడు మందబుద్ధి కాదు సార్. నల్లమందు మత్తులో ఉన్నాడు. ఇప్పుడు చూడండి."

ఆయన అట్టపెట్టె తెరిచాడు. ఓడ చూపించాడు, శరణప్ప దాన్ని పట్టుకుని రుచి చూశాడు. టెలిఫోను చూపించాడు, పక్కకు తోసేశాడు. తర్వాత గొర్రె బొమ్మ వచ్చింది. వాడు ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నాలుక ఆడించి "ట్రుర్ర్, ట్రుర్ర్" అని మందను పిలిచే పిలుపు పిలిచాడు. బీరమ్మ అన్న సాయంత్రం మందను తోలుకొచ్చేటప్పుడు పిలిచే పిలుపు అది. గొర్రె రాలేదు. వాడు లేచి, తప్పటడుగులు వేసుకుంటూ అట్ట వెనకకు పోయి, గొర్రె అక్కడుందేమోనని చూశాడు.

పిలిస్తే వస్తుందని వాడికి తెలుసు. కనబడకపోతే వెతకాలని తెలుసు. రెండేళ్ళ పిల్లవాడు ఇంకేమి చూపించాలి?

"పేరు చెప్పలేదు. సున్నా" అన్నాడు జగన్‌మోహన్ గారు. "రాయండి."

"రాయను" అన్నాను.

"ఏమన్నారు?"

"రాయను సార్. వాడు గొర్రెను పిలిచాడు. మీరు పిలవగలరా?"

వసారాలో ఎవరో తల్లి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచిందేమో. ఆయన కలం తీసి తానే సున్నా రాసుకున్నాడు. గోడ మీది తాళ్ళు చూసి, "ఈ చెత్తేమిటి? ఇదేమైనా గొర్రెల దొడ్డా?" అన్నాడు.

బీరమ్మ లేచింది. "అది చెత్త గాదు సారూ. పద్నాలుగు మంది పిల్లలు. నీ పెట్టెల ఎంతమందున్నరు?"

పదిహేను రోజుల్లో కాగితాలు వచ్చాయి. నన్ను రాయికోడుకు బదిలీ చేశారు. బీరమ్మను పనిలోంచి తీసేశారు. వేళలు మళ్ళీ పది నుంచి ఒకటి. నియమం ప్రకారం రెండున్నరేళ్ళ లోపు పిల్లలందరినీ ఆ రోజే బయటికి పంపారు. నేను సామాను సర్దుకుని బస్సెక్కాను. ఎదిరించి నిలబడలేదు. ఉద్యోగం కావాలి నాకు. ఒక్కరోజు "రాయను" అన్నందుకు నన్ను నేను మెచ్చుకుంటూ పోయాను, సిగ్గులేకుండా.

మళ్ళీ జహీరాబాదు వచ్చింది 1967లో. ఒక పెళ్ళికి వచ్చి, పెళ్ళి మధ్యలోనే లేచి వాడకు పోయాను. బీరమ్మ వంగిపోయింది కానీ కదురు చేతిలోనే ఉంది. ఆమె అర్ర ముందు గొంగడి మీద ఆరుగురు పసివాళ్ళు. లోపల దూలానికి ముప్పైకి పైగా తాళ్ళు.

"గిది నా ఇల్లు. గిక్కడ ఒంటిగంటకు తాళముండదు" అన్నది.

శరణప్ప రెండో తరగతిలో ఉన్నాడట, ఎక్కాలు గడగడా చెబుతాడట. వాడి తాడు మాత్రం దూలానికి లేదు. నారమ్మ అడిగి తీసుకుపోయి వాడి మొలకు కట్టిందట. వింటూ దూలం కేసి చూస్తున్నాను. ఒక మూల రెండు తాళ్ళు విడిగా వేలాడుతున్నాయి. పొట్టివి. వాటికి తెల్లపోగులు మధ్యలోనే ఆగిపోయాయి.

"ఇవెవరివి?"

బీరమ్మ లేచి దూలం కిందికి వచ్చింది.

"నిన్ను పంపిచ్చినంక అందరిని ఎల్లగొట్టిరి గద. కలుపు తీసే రోజులాయె. నా అర్రల పెట్టుకుంటనంటే మా అన్న ఒప్పుకోలే. నెలన్నర కొట్లాడిన. ఆ నెలన్నరల పోయిన్రు ఇద్దరు. తల్లులు మల్ల నల్లమందు పెట్టిన్రు, ఏం జేస్తరు మరి." తాళ్ళు దించి నా చేతిలో పెట్టింది. "నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. వీళ్ళను యాడ రాస్తరు? ఏ రిజిష్టర్ల రాస్తరు?"

అలాంటి రిజిస్టరు లేదు. వాళ్ళు ఎప్పుడూ చేరలేదు కాబట్టి తొలగించినట్టూ లేదు. ఆ రోజు ఆమె ముడులు ఒక్కొక్కటీ తడిమి చెబుతుంటే విని గుర్తు పెట్టుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మల్లప్ప. పదకొండు నెలలు. ఆరు ముడులు. ఆఖరి ముడి ఏ ఆధారమూ లేకుండా నిలబడినందుకు.

రెండోది ఆడపిల్ల. నాలుగు నెలలు. ఒకటే ముడి. తల్లి గొంతు విని తల తిప్పినందుకు. ఆ పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు.